డ్యూటీ రూములో నవ్వు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఈ హాల్లో ఒక్కరూ ఉండరు. అందరికీ ఆవిడ పెద్ద సిస్టరమ్మే. సూపరింటెండెంటు గారికీ అంతే, స్ట్రెచర్ తోసే కుర్రాడికీ అంతే. ఆవిడ ఓర్పు గురించీ, చేతి చలవ గురించీ ఇంతకుముందు మాట్లాడినవాళ్ళు చక్కగా చెప్పారు. నేను ఆవిడ నవ్వు గురించి మాట్లాడతాను. మనుషుల ప్రాణాలు పోతున్న చోట పనిచేసేవాళ్ళు నవ్వుకోవడం తప్పు కాదా అని బయటివాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు. తప్పు కాదు, అవసరం. ఎందుకు అవసరమో, ఎక్కడ తప్పవుతుందో రెండూ చెప్పాలి.

నవ్వు దివ్యౌషధం అని ఆసుపత్రి గోడల మీద కూడా రాసిపెడుతుంటారు. వైద్యుడిగా నేనా మాట అనను. 1979లో నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడు తన వెన్నెముక జబ్బు గురించి ఒక పుస్తకం రాశాడు. హాస్య చిత్రాలు వేయించుకుని పది నిమిషాలు పగలబడి నవ్వితే రెండు గంటలసేపు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని అందులో చెప్పాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అది ఒక మనిషి అనుభవం. గౌరవిద్దాం. కానీ దాన్ని పట్టుకుని మందులు మానెయ్యమనే హక్కు ఎవరికీ లేదు.

నేను మత్తు డాక్టర్ని. నొప్పి తెలియకుండా చెయ్యడమే నా వృత్తి. అందుకని నవ్వు మీద జరిగిన పరిశోధనల్లో రెండు నన్ను బాగా ఆకట్టుకున్నాయి. 2011లో రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు ఇంగ్లండులో ఒక పని చేశారు. కొంతమందిని గుంపులుగా కూర్చోబెట్టి హాస్య కార్యక్రమాలు చూపించారు, మరికొంతమందికి నవ్వు రానివి చూపించారు. ముందూ వెనుకా వాళ్ళ చేతికి గడ్డకట్టిన చల్లటి పట్టీ చుట్టి, లేదా బీపీ పట్టీ బిగించి, ఎంతసేపు ఓర్చుకోగలరో లెక్కకట్టారు. కడుపుబ్బ నవ్వినవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు. మనసు హాయిగా ఉన్నంత మాత్రాన ఆ తేడా రాలేదు, నవ్వితేనే వచ్చింది. 2017లో ఫిన్లాండులోని తుర్కు నగరంలో ఇంకో అడుగు ముందుకేశారు. స్నేహితులతో కలిసి నవ్వినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో స్కానింగులో చూశారు. మేము ఆపరేషను టేబుల్ మీద ఇచ్చే మార్ఫిన్ మెదడులో ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో, అవే గ్రాహకాల దగ్గర శరీరం తన సొంత నొప్పినివారిణిని విడుదల చేస్తోందని తేలింది.

ఈ రెండు పరిశోధనల్లోనూ మనుషులు కలిసి నవ్వారు. నాకు ముఖ్యమైంది అదే. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త బజార్లలో, కాలేజీల్లో జనం మాట్లాడుకుంటుంటే విని 1,200 నవ్వుల దాకా నమోదు చేశాడు. జోకనదగ్గ మాట తర్వాత వచ్చిన నవ్వులు వాటిలో ఐదో వంతు కూడా లేవు. మిగతావన్నీ ‘సరే, నేను వెళ్ళొస్తా’, ‘అదుగో, వచ్చాడండీ’ లాంటి మామూలు మాటల వెనక వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన తేల్చాడు. అంటే నవ్వుకి చమత్కారం అక్కర్లేదు, పక్కన మనిషి ఉండాలి. ఆఫీసుల్లో హాస్యం పెంచాలంటే మంచి జోకులు చెప్పేవాణ్ణి పిలిపించాలనుకుంటారు. నైట్ డ్యూటీ చేసినవాళ్ళెవరికీ ఆ భ్రమ ఉండదు.

మా క్యాజువాలిటీ ఎలాంటిదో ఈ హాల్లో ఉన్న నర్సింగ్ కాలేజీ విద్యార్థినులకు కొంచెం చెప్పాలి. వానాకాలం పంటలు దెబ్బతిన్న ఏడాది పురుగుమందు తాగిన కేసులు వరసగా వచ్చేవి. గొట్టం వేసి కడుపు కడగాలి. కొద్ది నిమిషాలకొకసారి అట్రోపిన్ ఇస్తూ, కనుపాపలు చూస్తూ, ఛాతీలో గురగుర తగ్గిందా అని స్టెత్ పెట్టి వింటూ తెల్లవార్లూ మంచం పక్కనే నిలబడాలి. ఈలోగా రోడ్డు ప్రమాదం కేసొకటి, నెప్పులతో ఉన్న మనిషిని తప్పు గేటు దగ్గర దించేసిన ఆటో ఒకటి. మెడికో లీగల్ కేసు కాగితాల కోసం కానిస్టేబుల్ గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. బయట బెంచీ మీద, నేల మీద పేషెంట్ల తాలూకు వాళ్ళు. లోపల ఇద్దరు హౌస్ సర్జన్లు, ఒక పీజీ డాక్టరు, ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. అంతే జనం.

క్యాజువాలిటీలో ఒక నమ్మకం ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్ళు ‘ఇవాళ ఖాళీగా ఉంది’ అని నోరు జారకూడదు. అన్నారంటే పది నిమిషాల్లో అంబులెన్సు వస్తుంది. ఇది చాలా ఆసుపత్రుల్లో ఉన్న నమ్మకమే. సిస్టరమ్మ దానికి ఒక చట్టం జోడించింది. ఆ మాట అన్నవాళ్ళు పది రూపాయలు కట్టాలి. ఆ డబ్బు పాత దూది డబ్బాలో పడుతుంది, ఆదివారం రాత్రి అందరికీ మిరపకాయ బజ్జీలు. దాంతో కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ల చేత ఆ మాట అనిపించడం మా అందరికీ ఒక వేట అయిపోయింది. ‘ఏం డాక్టరు గారూ, ఇవాళ వార్డు ఎలా ఉందంటారు?’ అని ఆయమ్మ ఏమీ ఎరగనట్టు అడుగుతుంది. పాపం ఆ పిల్లాడు ‘పర్వాలేదండీ, ఖా...’ అనేలోపల డబ్బా ముక్కు కిందకి వచ్చేది.

ఒకరోజు రాత్రి పది గంటల వేళ సర్జరీ ప్రొఫెసరు గారు రౌండుకి వచ్చారు. ఆయనంటే మాకు హడల్. నాలుగు మంచాలు ఖాళీగా కనిపించాయి. ‘ఏమిటి సిస్టర్, ఇవాళ ఖాళీగా ఉన్నట్టున్నారే’ అన్నారు. గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. సిస్టరమ్మ మారు మాట్లాడకుండా బల్ల మీది దూది డబ్బా తీసుకుని వెళ్ళి ఆయన ముందు పట్టుకుంది. ఆయన డబ్బా వంక చూశారు, ఆవిడ వంక చూశారు, మా మొహాల వంక చూశారు. ఆయమ్మే విషయం చెప్పింది. ఆయన జేబులోంచి నోటు తీసి డబ్బాలో వేసి, తలుపు దాకా నడిచి వెళ్ళి, అక్కడ గోడకు చెయ్యి ఆనించి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుల్ని ఆరు రకాలు చేసి స్మిత హసితాలు ఉత్తములకు, విహసిత ఉపహసితాలు మధ్యములకు, అపహసిత అతిహసితాలు అధములకు అని పంచిపెట్టాడు. ఆ రాత్రి మా ప్రొఫెసరు గారు నవ్వింది అచ్చమైన అతిహసితం. ఆయన మీద మాకు గౌరవం ఆ రోజు నుంచే పెరిగింది.

ఇదంతా సరదా కబురు, దీనికి ఉపన్యాసం ఎందుకు అనిపించవచ్చు. 1959లో డొనాల్డ్ రాయ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త అచ్చువేసిన ఒక వ్యాసం నాకు దీని విలువ తెలియజెప్పింది. ఆయన ఒక కర్మాగారంలో కూలీగా చేరాడు. వారానికి ఆరు రోజులు, రోజుకి దాదాపు పన్నెండు గంటలు. నిలబడి, యంత్రంతో ముక్కలు కత్తిరించడమే పని. గదిలో ఆయన కాక ఇంకో ముగ్గురు, అందరూ వయసు మళ్ళినవాళ్ళు. వ్యాసంలో వాళ్ళ పేర్లు జార్జ్, ఐక్, శామీ. మొదటి రోజుల్లో రాయ్‌కి ఆ విసుగు భరించలేననిపించింది. తర్వాత్తర్వాత ఆ గదిలో జరిగేవి ఆయనకు కనబడసాగాయి. శామీ రోజూ డబ్బాలో ఒక అరటిపండు తెచ్చుకునేవాడు. ఐక్ రోజూ దాన్ని దొంగిలించి, ‘అరటిపండు వేళైంది’ అని అరిచి గుటుక్కున మింగేవాడు. శామీ రోజూ తిట్టేవాడు. జార్జ్ పెద్దమనిషి తరహాలో ఇద్దర్నీ మందలించేవాడు. మర్నాడు శామీ మళ్ళీ అరటిపండు తెచ్చేవాడు. తనకు దక్కదని తెలిసి కూడా తెచ్చేవాడు! ఇలాగే కిటికీ తెరిచే వేళ ఒకటి, చేపముక్క తినే వేళ ఒకటి, చల్లటి పానీయం వేళ ఒకటి. ఆ వేళల మధ్య రోజు ముక్కలు ముక్కలై గడిచిపోయేది, కాళ్ళ నొప్పులు తెలిసేవి కావు.

ఆ వ్యాసంలో నన్ను పట్టేసిన భాగం ఇంకోటి. జార్జ్ కూతుర్ని ఒక ప్రొఫెసరు కొడుక్కి ఇచ్చాడు. ఆ వియ్యంకుడంటే ఆయనకు మహా గర్వం. ఆ ప్రొఫెసరు బార్బర్లకు పని నేర్పే బడిలో పాఠం చెబుతుండగా చూశానని రాయ్ సరదాకి ఒక మాట పుట్టించాడు. అది జార్జ్ మనసుకు తగిలింది. ఆయన మాటలు మానేశాడు. రోజుల తరబడి అరటిపండు లేదు, కిటికీ లేదు, ఏ వేళా లేదు. యంత్రాలు అవే, జీతం అదే, గంటలు అవే. కానీ రాయ్‌కి ఒళ్ళు హూనమై సాయంత్రాలు ఇక గడవనే గడవలేదు. నవ్వు వల్ల ఏం లాభమని అడిగేవాళ్ళకు ఇంతకంటే తేటగా చెప్పేది నాకు దొరకలేదు. పని మారకుండానే నవ్వు ఒక్కటి పోతే పని ఎంత బరువెక్కుతుందో చూడండి.

వరి నాట్లు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. నడుము వంచి మోకాటి లోతు బురదలో పొద్దస్తమానం నాటే ఆడవాళ్ళు ఒకరికొకరు వరస కలుపుకుని, వదినా మరదళ్ళయి, పరాచికాలు ఆడుకుంటారు. గట్టు మీద నడిచే ఆసామిని కూడా వదలరు. సరసమాడే ఈ వరసల గురించి ర్యాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఏడిపించే హక్కు ఒకరికి, కోపం తెచ్చుకోకూడదనే నియమం రెండోవారికి ఉండే సంబంధాలివి అన్నాడు. మన బావామరదళ్ళ మధ్య ఆ హక్కూ, నియమమూ ఇద్దరికీ ఉన్నాయి. మరదలు బావని ఎంత మాటైనా అనగలదు. సరసం సరసంగా ఉండేది అందువల్లే.

ఆఫీసులో చిక్కు ఇక్కడే వస్తుంది. 1960లో రోజ్ కోజర్ అనే పరిశోధకురాలు ఒక మానసిక చికిత్సాలయంలో సిబ్బంది సమావేశాలకు వెళ్ళి, ఎవరు ఎవరి మీద జోకు వేస్తున్నారో గమనించి రాసింది. పెద్ద డాక్టర్లు తమ కింది డాక్టర్ల మీద వేస్తున్నారు. కిందివాళ్ళు పేషెంట్ల మీద, లేదా తమ మీద తామే వేసుకుంటున్నారు. పైవాళ్ళ మీద వాళ్ళ ఎదుట జోకు వేసిన చిన్న డాక్టరు దాదాపుగా లేడు. ఆడవాళ్ళు జోకు వెయ్యడం ఎంత అరుదో చెప్పలేం, నవ్వడం మాత్రం వాళ్ళ వంతు. అరవై ఏళ్ళ పైబడిన ఈ మాట చదువుతుంటే ఏ కాన్ఫరెన్సు హాలు మీ కళ్ళ ముందుకొచ్చిందో మీకే తెలుసు. పై అధికారి ఒక్కడే ఛలోక్తులు విసిరి, మిగతా పదిమందీ నవ్వే గదిలో నిజానికి నవ్వు లేదు. అక్కడ జరిగేది హాజరు వేయించుకోవడం. ఇక ఉద్యోగినుల మీద ‘సరదాకి అన్నాను’ అనే ముసుగులో వచ్చే మాటల సంగతి. సరసం ఆడే హక్కు అవతలివాళ్ళకు లేనప్పుడు అది సరసం కాదు, వేధింపు. 2013 నాటి చట్టం దానికి ఉంది. ఆ చట్టం వచ్చాక ఆఫీసుల్లో నవ్వే పోయిందని వాపోయేవాళ్ళతో నేను ఏకీభవించను. పోయిన ఆ నవ్వు ఎవరిదో అడగాలి.

సిస్టరమ్మ డబ్బా ప్రొఫెసరు ముందుకు వెళ్ళడం నాకు ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. ఆ సంఘటన జరిగిన కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున, కళ్ళు మూతలు పడుతున్న ఒక పీజీ సెలైన్ లైను శుభ్రం చేద్దామని ట్రేలోంచి ఆంప్యూల్ తీసి సిరంజిలోకి లాగాడు. అది పొటాషియం క్లోరైడ్. సెలైన్లో కలిపి మెల్లగా ఎక్కించాల్సిన మందు. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరి నెల కూడా కాని ఒక స్టాఫ్ నర్సు ‘సార్, ఆగండి, లేబుల్ ఒక్కసారి చూడండి’ అంది. చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిన్నపిల్ల, కొత్త ఉద్యోగం, తనకంటే పైవాడు. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో వైద్యరంగంలో ఉన్నవాళ్ళకి తెలుసు. అంతకు ముందు వారమే ఆ అమ్మాయి అదే పీజీ ముందు దూది డబ్బా పట్టుకుని పది రూపాయలు వసూలు చేసింది.

ఆ రెండింటికీ సంబంధం ఉందని నేను నమ్ముతాను. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేసింది. 1996లో వచ్చిన ఆమె వ్యాసం ప్రకారం మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్ళు పనిలో వెనకబడి కాదు, భయం లేకుండా పైకి చెప్పుకున్నందువల్ల. నోరు మెదపగలిగే చోట ప్రాణాలు నిలుస్తాయి. చిన్న విషయంలో పైవాణ్ణి ఆటపట్టించగలిగిన మనిషి పెద్ద విషయంలో ‘ఆగండి’ అనగలదు. నవ్వు మనసు తేలికపరుస్తుంది, నిజమే. కానీ ఉద్యోగ స్థలంలో దాని అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే.

తప్పు ఎక్కడ అవుతుందో చెప్తానన్నాను. ఒకసారి డ్యూటీ రూములో ఏదో మాటకు అందరూ గొల్లుమన్నారు. తలుపు తెరిచి ఉంది. బయట బెంచీ మీద, కొడుకు పోయి అరగంట కూడా కాని తల్లి ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, మొహం తిప్పుకుంది. సిస్టరమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. డ్యూటీ మారే వేళ దాకా అక్కడే ఉంది. మర్నాడు మా అందరికీ మూడు మాటలు చెప్పింది. తలుపు మూసి నవ్వండి. పేషెంటు గురించి నవ్వకండి. ఏడ్చి వచ్చిన పిల్లను వెంటనే నవ్వించబోకండి, ముందు టీ ఇవ్వండి. ఈ మూడో మాట నేర్చుకోవడానికి చాలామందికి జీవితమంతా పడుతుంది. మొదటి చావు చూసిన హౌస్ సర్జను మూల కూర్చుంటే, ఆవిడ ఆ రాత్రంతా ఒక్క పరాచికం ఆడేది కాదు. గ్లాసు చేతిలో పెట్టి కేస్‌షీట్లు సర్దుకుంటూ పక్కనే ఉండేది. ఆ పిల్ల తనంతట తాను ఏదో అని నవ్వేదాకా ఆగేది.

ఇప్పుడు నవ్వుని ఏర్పాటు చెయ్యడం ఒక ఆనవాయితీ అయింది. 1995 మార్చిలో మదన్ కటారియా అనే డాక్టరు ముంబయిలోని ఒక పార్కులో ఐదుగురితో నవ్వుల క్లబ్బు మొదలుపెట్టాడు. అది దేశదేశాలకూ పాకింది. పార్కులో పొద్దున్నే పెద్దవాళ్ళు చేతులెత్తి నవ్వుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. వాళ్ళు ఇష్టపడి వచ్చినవాళ్ళు, ఇష్టం లేకపోతే మానేస్తారు. అదే కార్యక్రమం ఆఫీసులో శుక్రవారం నాలుగింటికి పెట్టి, మేనేజరు ఎదుట, రానివాళ్ళ పేర్లు రాసుకుంటూ జరిపితే, అది ఇంకో డ్యూటీ. నవ్వు డ్యూటీ అయితే ఏమవుతుందో ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల మీద రాసిన పుస్తకంలో చూపించింది. రోజంతా జీతానికి చిరునవ్వు నవ్వినవాళ్ళకు ఇంటికెళ్ళాక తమ మొహం తమది కానట్టు ఉంటుంది. రిసెప్షన్ కౌంటర్లలో, కాల్ సెంటర్లలో, బట్టల షాపుల్లో పనిచేసే మన పిల్లలు ఆ అలసటే మోస్తున్నారు. వాళ్ళకు ఇంకో నవ్వుల శిక్షణ తరగతి వద్దు. కౌంటరు వెనక కాసేపు కూర్చోవడానికి కుర్చీ, మొహం మామూలుగా పెట్టుకోవడానికి పది నిమిషాలు కావాలి. 2020 తర్వాత ఇళ్ళ నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులది ఇంకో కష్టం. మీటింగులో అందరి మైకులూ మూసే ఉంటాయి. ఎవరో ఒక మాట అంటారు, హైదరాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు, డల్లాస్‌లో ఒకరు ఎవరి గదిలో వాళ్ళు నవ్వుకుంటారు, ఎవరి నవ్వూ ఎవరికీ వినబడదు.

పనిచేసేవాళ్ళ మధ్య నవ్వు పుట్టించడం యాజమాన్యం చేతిలో లేదు, చంపడం మాత్రం ఉంది. చంపడానికి ఎక్కువ కష్టపడనక్కర్లేదు. ఇద్దరు చెయ్యాల్సిన షిఫ్టుకి ఒకర్ని వేస్తే చాలు. టీ వేళలు విడగొట్టి ఎవరి టీ వాళ్ళు ఒంటరిగా తాగేట్టు చేస్తే చాలు. డ్యూటీ రూముని స్టోరు రూము చేసేస్తే చాలు. ఈ మూడూ పొదుపు పేరు మీదే జరుగుతాయి.

అందుకని సూపరింటెండెంటు గారికీ, వేదిక మీదున్న ఇంజనీరు గారికీ ఒక మనవి. మన ఆసుపత్రి కొత్త బ్లాకుకి ప్లాను సిద్ధమవుతోందని విన్నాను. క్యాజువాలిటీ పక్కన డాక్టర్లకు ఒక గది, సిస్టర్లకు ఒక గది గీశారట. ఆయమ్మలకూ వార్డుబాయిలకూ మెట్ల కింద చోటు చూపించారట. దయచేసి ఆ గోడలు తీసేయండి. గది ఒకటే ఉండనివ్వండి. పది మంది చుట్టూ కూర్చునే బల్ల ఒకటి, టీ కాచుకోవడానికి ఒక మూల, పేషెంట్ల తాలూకు వాళ్ళు కూర్చునే వరండాకు దూరంగా గట్టిగా మూసుకునే తలుపు. ఖర్చు పెరగదు, ఇటుకలు మిగులుతాయి. ఈ ఏడాది ఈ స్మారకోపన్యాసపు ఎండోమెంటు నిధి నుంచి వచ్చే వడ్డీతో ఆ బల్ల చేయించడానికి సిస్టరమ్మ గారి కుటుంబం ఒప్పుకుంది.